చాందినికి రెస్టు

కాపడపు మూట మళ్లీ చల్లారింది. తోమాసు దాన్ని పొయ్యి మీది పెనంపై పెట్టాడు. అది వేడెక్కేదాకా ఊరికే ఉండలేక గుర్రం ఎడమ ముందుకాలిని రెండు చేతులతో పట్టుకుని మోకాలి చుట్టూ తడిమి చూశాడు. ఆ మోకాలు కుడిదానికంటే లావు. అదేం కొత్త సంగతి కాదు, చాలా ఏళ్లుగా అంతే. కానీ ఇవాళ మోకాలి కింద నుంచి గిట్ట దాకా కాలంతా నీరు పట్టి ఉబ్బింది. బొటనవేలితో నొక్కితే గుంట పడింది. వేలు తీసినా గుంట పోలేదు.

“ఏందే ఇది?” అన్నాడు గుర్రంతో. “నెలంత కూసోబెట్టి మేపితె గిట్లనా చేసేది?”

చాందిని చెవి కూడా కదపలేదు. ఒకప్పుడు తెల్లటి గుర్రమే. ఇప్పుడు ఒళ్లంతా పాత పంచెలా పసుపు తిరిగింది. పొట్ట కింద బొగ్గుదుమ్ము పట్టి, ఎంత కడిగినా వదలని బూడిదరంగు వచ్చింది. కళ్ల పైన గుంటలు పడ్డాయి, కింది పెదవి వేలాడుతోంది. దాని వయసు ఇరవై రెండని అమ్మినవాడి లెక్క, ఇరవై అయిదు దాటిందని పళ్లు చూసిన డాక్టరమ్మ లెక్క. ఏ లెక్కన చూసినా ముసలిదే.

తోమాసు వయసు లెక్క కూడా అలాంటిదే. ఎప్పుడు పుట్టాడో కన్నతల్లికే తెలియదు. బొగ్గుబాయిలో చేర్చుకున్ననాడు ఎవరో గుమాస్తా మొహం చూసి రాసుకున్న తేదీ ప్రకారం ఈ జనవరి చివరి రోజుతో అతనికి అరవై నిండుతాయి. ఇవాళే ఆ రోజు. మొదటి షిఫ్టు దిగగానే అతని నౌకరీ అయిపోతుంది.

ఆ బాయి మనుషులకు ఒక ఆనవాయితీ ఉంది. రిటైరయినవాణ్ని గేటు దగ్గర గుర్రమెక్కించి, డప్పులతో క్వార్టరు దాకా ఊరేగిస్తారు. గేటు దాటాక ఇల్లు చేరేదాకా అతని కాలు నేలను తాకకూడదు. తాకితే బాయి మళ్లీ పిలుస్తుందంటారు. ఏళ్ల తరబడి భూమి లోపల పనిచేసి ప్రాణాలతో బయటపడ్డవాళ్లకు ఆ మాటంటే నవ్వూ ఉంది, లోపల కాస్త భయమూ ఉంది. ఆ గుర్రం చాందిని. తాడు పట్టుకుని ముందు నడిచేది తోమాసు. నెల నెలా ఎవరినో ఒకరిని ఇల్లు చేర్చాడు. ఇవాళ ఎక్కవలసింది అతనే.

అతను ఇంతవరకూ ఒక్కసారి కూడా దాని వీపు ఎక్కలేదు.

మూట వేడెక్కింది. ఇసుక, రాళ్లుప్పు కలిపి పాత లుంగీ ముక్కలో కట్టిన మూట అది. ముందు తన చెంపకు ఆనించి చూసుకుని, తర్వాత గుర్రం మోకాలికి పెట్టాడు. చాందిని బరువును కుడికాలి మీదికి మార్చుకుని పెద్దగా ఊపిరి వదిలింది. బొగ్గు ఊరికే వస్తుంది కాబట్టి క్వార్టరు వెనక రేకుల షెడ్డులో రాత్రింబవళ్లు పొయ్యి వెలుగుతూనే ఉంది. కింద జానెడు మందాన ఊక పరిచాడు. చలిగాలి రాకుండా గోనెసంచులు కట్టాడు. ఉలవలు తగ్గించి ఎండుగడ్డి పెట్టాడు, ఒళ్లు బరువైతే కీళ్లకు చేటని. సెంటినరీ కాలనీలో మనుషులు కూడా ఆ చలికాలం అంత సుఖంగా లేరు.

సారవ్వ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా చేతుల మీద వేసుకుని షెడ్డు దగ్గరికి వచ్చింది. ఆమె అతని భార్య; కూతురి పేరు పెట్టే అతన్ని పిలుస్తుంది. సన్నగా, పొడుగ్గా, నడుం ఇంకా వంగకుండా ఉంది. ఆదివారం చర్చికి పోయేప్పుడు కట్టే తెల్లచీర తీసి అప్పుడే దండెం మీద వేసింది.

“గ్లోరియా బాపూ, ఇగ లే. సైరన్ అయ్యేయాల్లయింది. దాని కాలు ఎట్లుంది?”

“మంచిగనే ఉంది.”

“వాపు కనబడ్తాంది గద.”

“నడిస్తె దిగుతది తీయి.”

ఆ మాట తన నోటి నుంచే వచ్చింది. దాన్ని తనే వినిపించుకోలేదు.

సారవ్వ చొక్కాను మేకుకు తగిలించి ఒక్క క్షణం నిలబడింది. “మా అవ్వ నవ్వేది, గుర్రపోనికిచ్చిన నా బిడ్డనని. ఎవ్వలెవ్వలో ఎక్కి కూసుంటె నువ్వు ముంగట తాడు పట్టుకోని నడుసుడే సూసిన. ఇయ్యాల మీద సూస్త. వాడకట్టు ఆడోళ్లందరికి చెప్పిన, మోరీ దగ్గర్నే నిలబడుండ్రి అని.”

“అందరికెందుకు చెప్తివే?”

“ఎందుకు చెప్పద్దు?” అని ఆమె విసురుగా లోపలికి పోయింది. ఆ విసురులో సంతోషమే ఉంది.

తోమాసు తండ్రి ఆరోన్ కొత్తగూడెంలో తెల్లదొర బంగళాలో గుర్రాల సాయీసు. బొగ్గుబాయి దొర పొద్దున్నే సవారీకి పోతే, ఆరోన్ గుర్రం పక్కన పరుగెత్తేవాడు. దొరలు పోయారు, గుర్రాలు పోయాయి, ఆరోన్ చేతికి మాత్రం గుర్రపు చెమట వాసన చచ్చేదాకా పోలేదు. చిన్నప్పుడు తోమాసు ఒక్కసారి ఎక్కుతానని ఏడిస్తే తండ్రి చెంప మీద కొట్టాడు. “మనం పట్టుకునేటోళ్లంరా. ఎక్కేటోళ్లం కాదు” అన్నాడు. కొట్టినందుకు ఆ సాయంత్రం బెల్లం కొనిపెట్టాడు గానీ, మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

తోమాసు పెద్దవాడై గోదావరిఖని వచ్చి బాయిలో ఫిల్లరయ్యాడు. పేల్చిన బొగ్గును తట్టలకెత్తి పట్టాల మీది టబ్బులు నింపే పని. మోకాళ్లు అక్కడే పోయాయి. ఒంగి ఒంగి, మోకాళ్ల మీద కూర్చుని కూర్చుని, చివరికి అవి నిలువుగా ఉండటం మర్చిపోయాయి. అప్పుడు పైకి తీసి ల్యాంపు రూములో వేశారు. అంతకు ముందే ఒక ఊరేగింపుకు కరీంనగర్ నుంచి కిరాయికి తెచ్చిన గుర్రపువాడు తాగి తన గుర్రాన్ని కొడుతుంటే చూడలేక, చేతిలో ఉన్నదంతా పెట్టి ఆ గుర్రాన్ని కొనేశాడు. అదే చాందిని. సారవ్వ వారం రోజులు మాట్లాడలేదు. కాలనీ అంతా నవ్వింది, ఫిల్లరు గుర్రాన్ని కొన్నాడని. నవ్వినవాళ్లే తర్వాత ఒక్కొక్కరుగా దాని మీద ఇల్లు చేరారు.

దిగుడులో దాన్ని నేరుగా తీసుకుపోకూడదు. బాయి నుంచి కాలనీకి వచ్చే దారిలో కాలువ మీది మోరీ దగ్గర రోడ్డు ఒక్కసారిగా వాలుతుంది. అక్కడ తోమాసు డప్పులు ఆపించేవాడు. గుర్రాన్ని రోడ్డుకు అడ్డంగా ఆ అంచుకూ ఈ అంచుకూ తిప్పుతూ, ప్రతి మలుపులో ఒక్క ఊపిరి నిలబెట్టి దింపేవాడు. పైన కూర్చున్నవాడికి దండలూ చప్పట్లే తప్ప ఇది తెలిసేది కాదు. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

డిసెంబరు ఊరేగింపు తర్వాత చాందిని రెండు రోజులు కుంటింది. పశువుల దవాఖాన నుంచి అనసూర్య డాక్టరమ్మ వచ్చి కాలు వంచి చూసి, మోకాలిలో ఎముక పెరిగిందని, అది పోయేది కాదని చెప్పింది. “ఎక్కించుడు ఇగ బంద్ చెయ్యి కాకా. కానీ కట్టేసి పెట్టకు. పొద్దున, సాయంత్రం మెల్లగా నడిపించు. మెత్తటి నేల మీద. ఒక్కరోజు కూడా ఆపకు. నొప్పెక్కువైననాడు మాత్రమే ఈ పొడి బెల్లంల పెట్టు.” తోమాసు అన్నింటికీ తలూపాడు. ఇంకొక్కసారి ఎక్కే మాట ఆమెతో అనలేదు. అంటే వద్దంటుంది.

అతని మనసులో వేరే లెక్క ఉంది. మొన్న దసరా వేళ తెలంగాణ కోసం సకల జనులూ పని ఆపినప్పుడు బాయిలన్నీ బందయ్యాయి. ఊరేగింపులు లేవు, చాందిని మీద ఎవరూ ఎక్కలేదు. సమ్మె విరమించేసరికి దాని కాలు సన్నబడి, పిల్లగుర్రంలా తల ఆడించింది. రెస్టు దొరికింది, కాలు బాగైంది అనుకున్నాడు తోమాసు. అనుకోడూ మరి! బాయిలో పనిచేసేవాడికి రెస్టు కంటే గొప్ప మందు ఏముంది? దవాఖానలో డాక్టరు చీటీ మీద మూడు రోజులు రెస్టు రాస్తే, ఆ చీటీ పట్టుకుని బయటికి వచ్చేవాణ్ని చూసి బెంచీ మీదివాళ్లు కుళ్లుకునేవాళ్లు. మాత్రలు ఎవరైనా ఇస్తారు, రెస్టు ఇచ్చే డాక్టరే డాక్టరు. అందుకే కొత్త సంవత్సరం రాగానే తోమాసు చాందినిని షెడ్డులో కట్టేశాడు. తను ఎన్నడూ ఎరగనంత రెస్టు దానికి ఇచ్చాడు. ప్రేమతోనే ఇచ్చాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఎక్కాలన్న ఆశ కూడా ఆ ప్రేమలో కలిసే ఉంది.

బెల్లం ముద్దలో పొడి పెట్టి తినిపించి, బాయికి తీసుకుపోవడానికి తాడు విప్పాడు.

చాందిని షెడ్డు గడప దగ్గరే ఆగిపోయింది. ముందుకాలు ఎత్తి, పెట్టాలా వద్దా అన్నట్టు గాల్లో ఉంచి, చివరికి జానెడు దూరంలో పెట్టింది. కాలు వంగలేదు. మొత్తం భుజాన్ని ఊపి కాలిని విసిరింది. క్వార్టర్ల వరస దాటేసరికి మూడుసార్లు ఆగింది. పక్కింటి ఆవిడ ఊడ్చే చీపురు ఆపి చూస్తోంది. అతను తల వంచుకుని నడిచాడు.

బడి గోడ దాటాక అడుగు కాస్త పొడుగైంది. ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి తల ఎగరేయడం తగ్గింది. మోరీ ఎగుడు మెల్లగా ఎక్కి రోడ్డు మీద పడ్డాక, మోకాలు కొంచెం కొంచెంగా వంగడం మొదలుపెట్టింది. తోమాసు ఆగి, వంగి, కాలు తడిమాడు. వాపు మెత్తబడింది. నెల రోజులు కాపడం పెట్టినా తగ్గనిది కాస్త దూరం నడిస్తే తగ్గుతోంది.

అప్పుడు వెలిగింది. సమ్మెలో గుర్రానికి రెస్టు దొరికిందని కదా అనుకున్నాడు, రెస్టు ఎక్కడిది? డ్యూటీ లేక తోచక, తెల్లవారితే దాన్ని పట్టుకుని గోదావరి ఒడ్డుకు పోయేవాడు. ఇసుకలో మేపుకుంటూ, నడుచుకుంటూ పొద్దు వాలాక వచ్చేవాడు. రోజూ. ఒక్కరోజు ఆపలేదు. కాలు బాగైంది ఆ నడకతో. డాక్టరమ్మ నోరారా చెప్పింది, చెవులారా విన్నాడు, తలకాయే ఎక్కడో పెట్టుకున్నాడు.

“థూ, నా బతుకు పాడుగాను,” అన్నాడు పైకే. “నెలంత కట్టేసి నీ కాళ్లు నేనే బిగబెట్టిన్నె!”

చాందిని రోడ్డు పక్క గడ్డికి మూతి చాపింది. అతను తినేదాకా నిలబడి, ఇవాళ దీన్ని ఎక్కేది లేదు అనుకున్నాడు. రేపటి నుంచి పని లేదు. రోజూ నడిపిస్తాడు. ఒక నెల పోయినా ఇంకో నెలకు బాగవుతుంది. ఇవాళ మాత్రం ఖాళీ వీపుతో ఇల్లు చేరాలి. ఈ నిర్ణయం గట్టిగానే చేసుకున్నాడు. ఒట్టు పెట్టుకున్నంత గట్టిగా.

ల్యాంపు రూములో అతని చివరి డ్యూటీ ఎప్పటిలాగే నడిచింది. కిటికీలోంచి ఒక్కొక్కరికీ చార్జింగైన బ్యాటరీ, టోపీ దీపం అందించాడు. అందరూ హాస్యాలాడారు. “అన్నా, ఇయ్యాల నీ బరాత్ గద, పిల్ల ఎవ్వలు?” అని ఒకడు, “సారక్కనే మళ్ల చేసుకుంటున్నడట” అని ఇంకొకడు. తోమాసు నవ్వాడు. చేతులు వాటంతటవే దీపాల అద్దాలు తుడుస్తున్నాయి. మధ్యలో వీలు దొరికినప్పుడల్లా బయటికి పోయి, చాందినిని ల్యాంపు రూము చుట్టూ ఒక తిప్పు తిప్పి మళ్లీ కట్టేస్తున్నాడు. ప్రతిసారీ అది మొదట బిగుసుకుని, తర్వాత వదులైంది.

టబ్బులు లాగే హాలేజీ దగ్గర పనిచేసే కొమురెల్లి డప్పు తీసుకుని వచ్చాడు. తోమాసు కంటే పదేళ్లు చిన్న, పెద్ద గొంతు, పెద్ద మనసు. ఊరేగింపులన్నీ అతని భుజాల మీదే నడుస్తాయి.

“కొమురెల్లీ, నేనైతె ఎక్కను రా,” అన్నాడు తోమాసు. “దాని కాలు మంచిగ లేదు. ఖాళీగ నడిపిద్దాం. దండ జీను మీద ఏద్దాం.”

“ఏం మాట్లాడ్తున్నవే అన్నా! ఊరందర్ని ఎక్కిచ్చి, నీ దినం వచ్చేసరికి నడుస్తవా? సారక్కకు మేమేం మొఖం సూపియ్యాలె?”

“కాలు బాగలేదు రా అంటే...”

“బాగలేకుంటె పొద్దుగాల గింత దూరం ఎట్ల నడిసచ్చింది? సూడు, మంచిగ నిలబడ్డది. నువ్వు జర ఫికర్ తక్కువ చెయ్యి.”

సభ చిన్నదే. ఆఫీసు ముందు షామియానా వేశారు. పెద్ద సారు శాలువా కప్పి రెండు మంచి మాటలు చెప్పాడు. మిత్రులంతా కలిసి పడక కుర్చీ బహుమానంగా ఇచ్చారు. టేకు కర్రది, ఎర్రచారల గుడ్డ, మీద ప్లాస్టిక్ కవరు. “తోమాసు, చాలా కష్టపడ్డవ్. ఇంక ఇంట్ల హాయిగా రెస్టు తీసుకో” అన్నాడు సారు. అందరూ చప్పట్లు కొట్టారు. కుర్చీని ఒక ఆటోలో వేసి ముందే ఇంటికి పంపారు.

గేటు దగ్గర తోమాసు తాడు అందుకోబోయాడు. అలవాటు ప్రకారం చెయ్యి అటే పోయింది. కానీ తాడు అప్పటికే కొమురెల్లి చేతిలో ఉంది. వెనక నుంచి నలుగురు నడుం పట్టి ఒక్క ఊపున ఎత్తారు. “వద్దురా, వద్దు” అన్నాడు. ఆ మాట డప్పుల్లో కలిసిపోయింది. జీను మీద పడ్డాడు.

కింద గుర్రం ఒకసారి ఊగి నిలదొక్కుకుంది.

దిగవచ్చు. కాలు అటు వేస్తే చాలు, దిగిపోవచ్చు. అతను దిగలేదు. ఇది మాత్రం ఎవరి మీదికీ నెట్టేది కాదు. పైనుంచి లోకం వేరుగా ఉంది. ఇన్నేళ్లూ తలెత్తి చూసిన మనుషుల నడినెత్తులు కనబడ్డాయి. చాందిని రెండు చెవుల మధ్య నుంచి రోడ్డు దూరం దాకా పరుచుకుని ఉంది. తొడల కింద దాని ఒంటి వెచ్చదనం. తండ్రి పక్కన పరుగెత్తిన గుర్రం వీపు ఇలాగే ఉండేదన్నమాట. తోమాసు కళ్లలో నీళ్లు తిరిగాయి. మోరీ దాకా, అనుకున్నాడు. మోరీ దగ్గర దిగుడు రాకముందే దిగిపోతాను. కాలు నేలను తాకితే తాకనీ.

చాందిని నడిచింది. సమతలం మీద బాగానే నడిచింది. లారీలు ఆగి దారిచ్చాయి. ఎవరో “జై తెలంగాణ” అన్నారు, ఇంకెవరో “తోమాసన్న జిందాబాద్” అన్నారు. దండలోని బంతిపూలు అతని గడ్డానికి తగులుతున్నాయి.

మోరీ వచ్చింది. “కొమురెల్లీ, ఆపు!” అన్నాడు. నిజంగానే అన్నాడు. గట్టిగా అనలేదు. అంతలో దిగుడు కింద, మోరీకి అవతల, క్వార్టర్ల ఆడవాళ్ల ముందు సారవ్వ నిలబడి కనిపించింది. తెల్లచీర. ఆమె చెయ్యి ఎండకు అడ్డం పెట్టుకుని చూసింది. చూసి, ఆ చెయ్యి అలాగే పైకెత్తింది. ఆమె అంత నిండుగా నవ్వగా అతను చూసి ఎన్నేళ్లయిందో. ఇప్పుడు దిగితే ఆమె కళ్ల ముందు దిగాలి.

ఇంకొంచెం, అనుకున్నాడు.

కొమురెల్లి డప్పుల ఊపులో గుర్రాన్ని నేరుగా దిగుడులోకి లాగాడు. అడ్డంగా తిప్పాలని అతనికి తెలియదు. చాందిని మొదటి అడుగు వేసింది, రెండోది వేసింది. “అడ్డం తిప్పు, అడ్డం!” అని తోమాసు అరిచాడు. డప్పులు మోగుతున్నాయి. ఎడమ మోకాలు వంగవలసిన చోట వంగలేదు, ఆగవలసిన చోట ఆగలేదు. గుర్రం మెల్లగా, దాదాపు మర్యాదగా, ముందుకు కూలింది. తోమాసు దాని మెడ మీదుగా జారి రోడ్డు అంచున మట్టిలో పడ్డాడు. అతనికి దెబ్బ తగల్లేదు. చిన్న గీత కూడా పడలేదు.

డప్పులు ఒకటి తర్వాత ఒకటి ఆగిపోయాయి.

చాందిని రెండుసార్లు లేవబోయింది. వెనక కాళ్లు నేలను గీరాయి, ముందు భాగం లేవలేదు. పది మంది కలిసి తాళ్లు వేసి ఎత్తితే లేచినట్టే లేచి మళ్లీ పడింది. తోమాసు దాని తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తడిబట్టతో మూతి తుడిచాడు. కొమురెల్లి ఫోనులో పశువుల దవాఖానకు చేస్తూ ఏడుస్తున్నాడు.

అనసూర్య వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మోకాలు పట్టి చూసింది. భుజం దాకా తడిమింది. లేచి చేతులు తుడుచుకుంది.

“నడిపించినవా కాకా, రోజు?”

తోమాసు తల అడ్డంగా ఊపాడు. “రెస్టు ఇచ్చిన.”

“నెలంతనా?”

“నెలంత.”

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది అతనికి. మోకాలు విరిగింది, ఈ వయసులో అది అతకదు, అట్లనే పడి ఉంటే రాత్రంతా నరకం అని చెప్పింది. సూది వేయనా అని అడిగింది. తోమాసు చాందిని కంటి మీద అరచెయ్యి పెట్టాడు. ఎండ పడకుండా పెట్టాడో, తనను చూడకుండా పెట్టాడో. “ఎయ్యి బిడ్డా” అన్నాడు. కొంతసేపటికి అతని అరచేతి కింద రెప్ప కదలడం ఆగిపోయింది. ఆడవాళ్లలో ఎవరో ప్రార్థన మొదలుపెట్టారు, సారవ్వ గొంతు అందులో లేదు.

ట్రాక్టరు వచ్చి తీసుకుపోయింది. గోదావరి దారిలో పాత క్వారీ పక్కన గుంత తీశారు. కొమురెల్లి మట్టి పూడ్చేదాకా ఉండి, తోమాసును క్వార్టరుకు తీసుకువచ్చాడు. చేతుల్లో తాడు పెట్టి, “నన్ను కొట్టు అన్నా. ఎన్ని దెబ్బలైనా పడ్త” అన్నాడు. తోమాసు అతని భుజం తట్టాడు.

“నువ్వు ఎక్కనన్నవ్. నేనే ఇనలే.”

“ఎక్కినంక దిగచ్చు గద రా. నేను దిగలే.”

కొమురెల్లి వాకిట్లో వేసి ఉన్న పడక కుర్చీ చూపించి, “జర కూసో అన్నా. రెస్టు తీసుకో” అని, తలవంచుకుని వెళ్లిపోయాడు.

సారవ్వ తలుపుకు ఆనుకుని నిలబడింది. తెల్లచీర అంచుకు మోరీ మట్టి అంటింది.

“నేనే సతాయిస్తిని, ఎక్కు ఎక్కు అని. దాన్ని నేనే సంపుకున్న.”

“నువ్వు కాదే.” తోమాసు తాడును చుట్ట చుట్టాడు, మళ్లీ విప్పాడు. “నాకే ఉండె. చిన్నప్పటి సంది ఉండె. మా బాపు కొట్టినా పోలే.”

ఆమె దగ్గరికి వచ్చి అతని చొక్కా మీద మట్టి దులిపింది. దులిపిన చెయ్యి అక్కడే ఉంచేసింది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. పొరుగు క్వార్టర్లలో టీవీలు పెట్టుకోలేదెవరూ. షెడ్డులో పొయ్యి ఇంకా వెలుగుతూ ఉంది, పెనం మీద కాపడపు మూట పొద్దున పెట్టినచోటే ఉంది.

“కూసో జరసేపు,” అంది సారవ్వ. “చాయ పెడ్త.”

తోమాసు కుర్చీ వైపు చూశాడు. ఎర్రచారల గుడ్డ మీద ప్లాస్టిక్ నిగనిగలాడుతోంది. వెనక్కి వాలి, కాళ్లు చాపుకుని, ఏమీ చేయకుండా, కదలకుండా ఉండటానికి చేసిన కుర్చీ. అతని మోకాళ్లు గట్టిగా నొప్పి పెడుతున్నాయి. ఇంకొక రోజైతే ఆ నొప్పి చూసుకుని సంతోషంగా అందులో కూలబడేవాడు.

“నడిసస్త,” అన్నాడు.

“ఇప్పుడెటు? పొద్దుగూకింది. నీ మోకాళ్లు...”

“కూసుంటె బిగుసుకపోతయే.”

తాడు భుజాన వేసుకుని మెట్టు దిగాడు. మొదటి అడుగు పొట్టిగా పడింది. రెండోదీ అంతే. క్వార్టర్ల వరస చివరికి పోయేసరికి కొంచెం వదులయ్యాడు. బడి గోడ దాటి, ట్యాంకు వైపు, మెత్తటి నేల ఉన్న పక్కకు తిరిగాడు. సారవ్వ కనబడినంతసేపు చూసి, చెంగు తలమీదికి లాక్కుని అతని వెనకే నడిచింది.

వాకిట్లో కుర్చీ అలాగే ఉంది, కవరు విప్పకుండా, ఒక చెయ్యి మీద బంతిపూల దండ వేసి.